నాలుగు పుల్లలు కావలెను

బుధవారం పొద్దున్న ఆఫీసుకి బయల్దేరబోతూ అచ్యుతరావు మనసులో వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. సాయంత్రం వచ్చేటప్పుడు కాసిని బంగాళాదుంపలు, నిమ్మకాయలు, సన్నటి వెదురు పుల్లలు తేవాలి. గురువారం సాయంత్రం దుంపల్ని పుల్లలకి గుచ్చి, కత్తితో స్ప్రింగులా చుట్టూ తిప్పి కోసి, నూనెలో వేయించి, పైన కారం, నిమ్మరసం చల్లి ఇద్దరు ఆడపిల్లల చేతుల్లో పెట్టాలి. పిల్లలు తింటారు, ఆడుకుంటారు, ఎవరింటికి వాళ్ళు పోతారు. ఇందులో కుర్చీల వరసలు లేవు, మైకు లేదు, మనిషి మీద శాలువా కప్పే సందర్భం అసలే లేదు. అచ్యుతరావు రియాద్‌లో ఒక పైపుల కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. లెక్క తప్పే పథకం వెయ్యడు. ఆ పథకంలోకి తోటి తెలుగువాళ్ళు వస్తారని మాత్రం లెక్క వేసుకోలేదు.

ఆ దుంపల మీద ఆ ఇంటివాళ్ళు పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. అచ్యుతరావు కూతురు హాసినికి తొమ్మిదేళ్ళు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ బళ్ళో చేరిన దగ్గర్నుంచీ ఆ పిల్ల నోరు విప్పితే ఒట్టు. ఇంట్లో వాగుడుకాయ, బళ్ళో బెల్లం కొట్టిన రాయి. టీచరు తల్లిదండ్రుల్ని పిలిపించి, "మీ అమ్మాయికి మాటలు వచ్చు కదా?" అని మర్యాదగా అడిగింది కూడా. ఆ పూట తల్లి బాలామణి ఇంటికొచ్చి వంట చెయ్యలేదు. అలాంటిది ఈమధ్య రెనాటా అనే మెక్సికో పిల్ల హాసిని పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ పిల్లతో మాత్రం హాసిని గుసగుసలాడుతోంది. ఏప్రిల్ ముప్పై వాళ్ళ దేశంలో పిల్లల పండగట. ఇక్కడ ఆ పండగ ఎవరికీ పట్టదని రెనాటా కళ్ళనీళ్ళు పెట్టుకుందట. అప్పుడు హాసిని, జన్మలో మొదటిసారి, తనంతట తానే ఒక మనిషిని ఇంటికి పిలిచేసింది.

"నేనే పిలిచాను నాన్నా! స్ప్రింగు దుంపలు చేసిపెడతానని కూడా చెప్పేశాను," అంది, తన ధైర్యానికి తనే ఆశ్చర్యపోతూ. అంతలోనే మొహం సీరియస్‌గా పెట్టి, "రెనాటా, వాళ్ళమ్మ. అంతే. ఇంకెవర్నీ పిలవకు. ఎక్కువమంది ఉంటే నాకు గొంతు పెగలదు. అప్పుడది నన్ను పిచ్చిదనుకుంటుంది."

"నేనెవర్ని పిలుస్తానే తల్లీ?" అన్నాడు అచ్యుతరావు.

అతను ఎవర్నీ పిలవడు, అది నిజమే. అతని జబ్బు వేరు. వచ్చేవాళ్ళని వద్దనలేడు. 'వద్దు', 'కాదు', 'కుదరదు' అనే మాటలు అతని గొంతు దాకా వచ్చి, అక్కడ మొహమాటపడి, 'అలాగేనండి' అయి బయటికొస్తాయి. ఒకసారి మంగలి "మీసం తీసెయ్యనా?" అని ఊరికే అడిగితే వద్దనలేక తీయించుకున్నాడు. అది మళ్ళీ మొలిచేదాకా ఆఫీసు గేటు దగ్గర రోజూ గుర్తింపు కార్డు చూపించాల్సి వచ్చింది.

సాయంత్రం దాకా ఎందుకని అచ్యుతరావు అప్పుడే వెళ్ళి చూసొచ్చాడు. వీధిలో ఉన్న బకాలాలో, అదే మన కిరాణా కొట్టులో, దుంపలున్నాయి గానీ పుల్లలు లేవు. పక్క కొట్లోనూ లేవు. "మన తెలుగు గ్రూపులో అడగండి. ఎవరో ఒకరింట్లో ఉండకపోవు," అంది బాలామణి. అచ్యుతరావు ఫోను తీసి, తెలుగు రాయడానికి ఎప్పుడు కూర్చున్నా వచ్చే గ్రాంథికపు ఊపులో ఇలా రాశాడు: "రేపు సాయంత్రం మా ఇంట మెక్సికో బాలల దినోత్సవం. ఆ సందర్భంగా పిల్లలకు బంగాళాదుంపల చిరుతిండి చేయ సంకల్పించితిమి. సన్నని వెదురు పుల్లలు నాలుగు కావలెను."

అతను ఆఫీసు చేరేలోపు డెబ్బై దాకా నమస్కారం బొమ్మలు వచ్చి పడ్డాయి. 'మంచి కార్యక్రమం', 'మీ సేవకు వందనాలు', 'మా బాబు పద్యం పాడతాడు', 'మేము నలుగురం'. ఎంత కిందికి జరిపి చూసినా పుల్లల మాట ఎత్తినవాడు ఒక్కడూ లేడు. తను ఏం అడిగాడో, వీళ్ళేం చదివారో అర్థంకాక అచ్యుతరావు తన మెసేజీ తనే మూడుసార్లు చదువుకున్నాడు. అందులో పుల్లలు ఉన్నాయి. స్పష్టంగా ఉన్నాయి.

అంతలో ఓబులేసు గారి ఫోను. ఓబులేసు గారు తెలుగు సంఘానికి అధ్యక్షులు. అనంతపురం మనిషి, ఊరి శివారు సులైలో గోదాములు, లారీలు ఉన్నాయి. భార్యాబిడ్డల వీసా కాగితాలు ఎక్కడో చిక్కుపడి అచ్యుతరావు దిక్కుతోచక కూర్చున్నప్పుడు, ఆయనే తన పనులు మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి బయటపడేశారు. కాబట్టి మామూలుగా ఎవరినీ కాదనలేని అచ్యుతరావు, ఓబులేసు గారిని అసలే కాదనలేడు.

"ఏమప్పా అచ్యుతరావూ, బాలల దినోత్సవం జేస్తాండావంట. అధ్యక్షునికి ఒక్క మాట చెప్పే పనిల్యా?"

"అయ్యో, అంత పెద్దదేం కాదండి. ఇద్దరు పిల్లలు, కాసిని దుంపలు. నాకు నాలుగు పుల్లలు దొరికితే..."

"పుల్లల సంగతి ఇడ్సిపెట్టప్పా. అందరూ వస్తామంటాండారు, మీ ఇల్లు యాడ సాలుతాది? ఊరి బయట ఇస్తిరాహా మాట్లాడినా."

ఇస్తిరాహా అంటే చుట్టూ గోడ కట్టి, లోపల గడ్డి పెంచి, విందులకి అద్దెకిచ్చే తోట. అచ్యుతరావు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. వద్దండి అనాలి. మూడక్షరాల మాట. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"మాట్లాడేశారా?"

"మాట్లాడేసినా. అద్దె నాది. నువ్వేం మొగమాటపడొద్దు."

"అలాగేనండి," అన్నాడు అచ్యుతరావు.

ఫోను పెట్టీ పెట్టగానే ఉదయ్‌కిరణ్ చేశాడు. సంఘానికి కార్యదర్శి, కరీంనగర్ కుర్రాడు, కంప్యూటర్ల ఉద్యోగం. ఎక్కడ నలుగురు తెలుగువాళ్ళు నిలబడ్డా వాళ్ళ వెనక బ్యానరు కట్టే దాకా ఊరుకోడు.

"సార్, చీఫ్ గెస్ట్ ఎవరిని పెడ్దాం?"

"చీఫ్ గెస్టేం లేరండి. మా పాప ఫ్రెండు, వాళ్ళమ్మ మరిసోల్ గారు వస్తున్నారు. మెక్సికో వాళ్ళు."

"మెక్సికో మేడమ్ అస్తున్నదా! గింత పెద్ద ముచ్చట మెల్లగ చెప్తున్నరేంది సార్? మేడమ్ ఏం జేస్తది?"

"తెలీదండి. అడగడానికి మొహమాటమేసింది."

"అంటే పెద్ద పొజిషనే అన్నట్టు," అన్నాడు ఉదయ్‌కిరణ్. "చిన్న పొజిషనోళ్ళయితే అడగకముందే చెప్పుకుంటరు సార్." ఆ తర్కానికి ఎక్కడ అడ్డుపడాలో అచ్యుతరావుకి తెలియలేదు. తెలిసేలోపు అవతల ఫోను పెట్టేశాడు.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెప్పేసరికి బాలామణి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "మీరు పుల్లలు అడిగారా, పెళ్ళి పెట్టుకున్నారా?"

హాసిని మాత్రం ఏడవలేదు, అరవలేదు. "ఎంతమంది నాన్నా?" అని మాత్రం అడిగింది. "కొద్దిమందేనమ్మా," అన్నాడు తండ్రి. ఆ పిల్ల అతని మొహంలోకి ఒకసారి చూసి, పుస్తకం తెరుచుకుని కూర్చుంది. ఆ తర్వాత పలకరిస్తే పలకలేదు. ఇన్నాళ్ళూ బళ్ళోనే ఉన్న మౌనం ఇంట్లోకి కూడా వచ్చేసింది. అచ్యుతరావుకి అన్నం సహించలేదు. తనని తాను చెడామడా తిట్టుకున్నాడు. కన్నకూతురు కోరిన ఒకే ఒక్క కోరిక ఇది, దాన్ని కూడా నిలబెట్టలేని తండ్రి ఎందుకు?

"ఇప్పుడైనా మించిపోలేదు. ఫోన్ చేసి వద్దని చెప్పండి," అంది బాలామణి. అచ్యుతరావు గుండె రాయి చేసుకుని ఫోను చేశాడు. అవతల ఓబులేసు గారు ఇతన్ని నోరు తెరవనివ్వలేదు.

"నేనే జేద్దామనుకుంటాండా. బండి మీ గేటు కాడికొచ్చింది చూడు. రెండు మూటలు పంపించినా, దించుకో."

"పుల్లలా అండి?"

"పుల్లలేంటికప్పా? దుంపలు! మా గోదాములో శానా ఉండాయి."

మర్నాడు మధ్యాహ్నానికి అచ్యుతరావు సెలవు పెట్టి వచ్చేసరికి, వంటింట్లో అడుగు పెట్టే చోటు లేదు. పై అంతస్తు హమీదున్నీసా కత్తిపీట పట్టుకుని దిగింది. ఆమెది రాయచోటి. బాలామణికి ఈ ఊళ్ళో ఉన్న ఏకైక స్నేహితురాలు. పుల్లలు లేకపోతే స్ప్రింగు కొయ్యడం కుదరదు, ఎందుకంటే దుంప మధ్యలో ఏదో ఒకటి గుచ్చి ఉంటేనే కత్తి దానికి తగిలి ఆగుతుంది. లేకపోతే దుంప రెండు ముక్కలవుతుంది. చివరికి ఓవెన్‌తో పాటు వచ్చిన ఇనప చువ్వ ఒకటి దొరికింది. అచ్యుతరావు చువ్వ గుచ్చి, కత్తి ఏటవాలుగా పెట్టి, పైపు మరలు కొలిచే మనిషి కాబట్టి ఒక్కో చుట్టుకీ దూరం కొలుస్తూ కోశాడు. మొదటి దుంప చక్రాలు చక్రాలుగా రాలిపోయింది. రెండోది కాస్త తిరిగి విరిగింది.

"అన్నా, కొలతలు పక్కన బెట్టి దుంపను దిప్పన్నా! కత్తిని కాదు, దుంపను దిప్పాల," అంది హమీదున్నీసా.

దుంపను తిప్పితే బ్రహ్మాండంగా వచ్చింది. చువ్వ బయటికి లాగేస్తే మధ్యలో చిల్లుతో పొడుగాటి స్ప్రింగు. బాలామణి వాటిని నూనెలో కరకరలాడేలా వేయించి గుట్టలు పోసింది. అంతా బాగానే ఉంది, పట్టుకోవడానికి పుల్ల తప్ప. చేత్తో తీస్తే విరిగిపోతోంది. పళ్ళెంలో పెడితే మామూలు చిప్సులా పడుంది. వేడుక ఏముంది అందులో? బాలామణి కాసేపు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఆంజనేయస్వామికి వడమాల వేస్తారు కదా! అలా దారానికి గుచ్చేస్తే? ఒక్కో పిల్లకి ఒక్కో దండ. మెళ్ళో వేసుకుని తిరుగుతూ తింటారు."

"అబ్బ! ఏం తెలివక్కా నీది!" అని హమీదున్నీసా కొత్త దారపు ఉండ తేవడానికి పైకి పరిగెత్తింది.

అప్పటిదాకా గుమ్మం దగ్గర ముడుచుకుని కూర్చున్న హాసిని లేచి వచ్చింది. "రెనాటాది నేను గుచ్చుతా," అంది. నిన్న రాత్రి నుంచి ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అది. అన్నిటికన్నా పొడుగైన, విరగని స్ప్రింగులు ఏరుకుని, ఒక్కొక్కటే జాగ్రత్తగా దారానికెక్కించి, కారం, నిమ్మరసం తనే చల్లి, బాగా పొడుగైన దండ చేసింది. దాన్ని మిఠాయి డబ్బాలో పెట్టి మూత వేసి గుండెలకి హత్తుకుంది. "నా చేత్తో నేనే దాని మెళ్ళో వేస్తాను నాన్నా. సరేనా?"

"సరే తల్లీ, నీ చేత్తోనే," అన్నాడు అచ్యుతరావు. ఈ ఒక్క మాటైనా నిలబెట్టుకుంటానని గట్టిగా ఒట్టేసుకున్నాడు.

ఇస్తిరాహా గేటు దాటగానే బ్యానరు కనబడింది. 'మెక్సికో బాలల దినోత్సవ మహాసభ. మెక్సికో దేశపు మహిళారత్నం శ్రీమతి మరిసోల్ గారికి ఘన స్వాగతం.' మధ్యలో నిలువెత్తు ఓబులేసు గారు చేతులు జోడించి ఉన్నారు. ఒక మూల అచ్యుతరావు పాస్‌పోర్టు ఫోటో. బాలలు ఎక్కడా లేరు. గడ్డి మీద కుర్చీలు వరసలుగా వేశారు. ముందు వరసలు పెద్దలకి. "పిల్లలు లొల్లి చెయ్యకుండ ఎనక కూసోవాలె," అని ఉదయ్‌కిరణ్ మైకులో చెబుతున్నాడు. దుంపల దండలున్న గంగాళం మీద మూత వేసి, సభ ముగిశాక ప్రసాదంలా పంచుదామని ఒక మూల పెట్టించాడు. హాసిని తండ్రి చెయ్యి వదిలేసి డబ్బాని రెండు చేతులా పట్టుకుంది.

మరిసోల్ గారు పసుపుపచ్చ గౌనులో, కూతురి చెయ్యి పట్టుకుని నవ్వుతూ లోపలికొచ్చింది. నవ్వుతూనే ఆగిపోయింది. కూతురి స్నేహితురాలి ఇంటివాళ్ళు చోటు మారిందని కబురు పెడితే, దుంపలు తిందామని వచ్చిన మనిషి ఆవిడ. ఎదురుగా వంద మంది లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఏం జరుగుతోందో తెలిసేలోపే ఆవిణ్ణీ రెనాటానీ వేదిక మీదికి తీసుకెళ్ళి ఎర్ర సోఫాలో కూర్చోబెట్టారు. ఆవిడ అచ్యుతరావు వంక చూసింది. ఆ చూపులో 'ఇదేమిటి?' అని ఉంది. తనకీ తెలియదని చెప్పే చూపు ఒకటి అచ్యుతరావు బదులు పంపాడు.

హాసిని వేదిక మెట్ల పక్కనే డబ్బాతో నిలబడింది. రెనాటా పైనుంచి చెయ్యి ఊపింది. హాసిని పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

ప్రార్థన అయింది. స్వాగతోపన్యాసం అయింది. ఓబులేసు గారు లేచి కోటు సర్దుకుని మైకు దగ్గరికొచ్చారు. "మేడమ్‌కు మన భాష రాదు కదా. అచ్యుతరావూ, నువ్వు ఇంగ్లీషులో చెప్తా ఉండు," అని అతన్ని పక్కన నిలబెట్టుకున్నారు. అలాగేనండి.

"పిల్లలు విత్తనాలప్పా! విత్తనాన్ని ఏం జేస్తాం? మట్టిలో పాతిపెడతాం! నీళ్ళు బోస్తాం!" అని ఓబులేసు గారు గర్జించారు.

అచ్యుతరావు దృష్టంతా కూతురి మీదుంది. పరధ్యానంగా, "పిల్లల్ని మట్టిలో పాతిపెట్టి నీళ్ళు పొయ్యాలని అధ్యక్షులు కోరుతున్నారు," అని ఇంగ్లీషులో అనేసి, తన మాటలు తన చెవిన పడ్డాక నాలిక కరుచుకున్నాడు. మరిసోల్ గారు కూతురిని దగ్గరికి లాక్కుంది. వెనక వరసలో ఇంగ్లీషు వచ్చిన పిల్లలు కిసుక్కుమన్నారు. ఓబులేసు గారికి అది ప్రోత్సాహంలా వినిపించింది. బంగాళాదుంప మట్టిలో ఉన్నా వెన్నలా ఎదుగుతుందని మొదలుపెట్టి, తన చిన్నతనం, తను కట్టించిన గోదాములు, మళ్ళీ బంగాళాదుంప, ఇలా చాలాసేపు తిరిగారు. అచ్యుతరావు అనువాదం నానాటికీ తీసికట్టులా తయారై, చివరికి "ఇంకా దుంప గురించే అంటున్నారు" దగ్గర స్థిరపడింది.

అప్పుడు సన్మానం మొదలైంది. ఏప్రిల్ నెల రియాద్ ఎండకి పొద్దుగుంకినా గాలి వేడిగానే ఉంది. ఆ వేడిలో మరిసోల్ గారి భుజాల మీద దళసరి ఉన్ని శాలువా కప్పారు. ఆవిడ ఉక్కిరిబిక్కిరైంది. ఆవిడకి కప్పాక అధ్యక్షులకి కార్యదర్శి కప్పాడు, కార్యదర్శికి అధ్యక్షులు కప్పారు. కార్యక్రమ సారథి అని అచ్యుతరావుకి వరసగా నలుగురు వచ్చి నాలుగు కప్పారు. అతను శాలువాల్లోంచి తల మాత్రం బయట పెట్టి ఊపిరి పీల్చుకుంటున్నాడు.

"దండ యాడప్పా? శాలువా కప్పి దండ ఎయ్యకపోతే ఎట్లా?" అన్నారు ఓబులేసు గారు.

"పూల దుకాణపోడు మోసం జేసిండు సార్," అన్నాడు ఉదయ్‌కిరణ్ బిక్కమొహంతో. అంతలో అతని చూపు మెట్ల దగ్గర నిలబడ్డ హాసిని డబ్బా మీద పడింది. గంగాళంలో దండలున్నాయని ముందే తెలిసినవాడు. "ఇగో సార్, స్పెషల్ దండ! పాప పట్టుకొనే నిలబడ్డది!" అని ఆ డబ్బా చటుక్కున అందుకుని ఓబులేసు గారికిచ్చాడు.

హాసిని తండ్రి వంక చూసింది. అచ్యుతరావు ఓబులేసు గారి చెయ్యి పట్టుకున్నాడు. "అది కాదండి... అది... పాప తన చేత్తో..." అన్నాడు.

"పాప తన చేత్తో జేసిందా! శభాష్!" అని ఓబులేసు గారు ఆ సంగతి మైకులో ప్రకటించి, దుంపల దండ తీసుకెళ్ళి మరిసోల్ గారి మెళ్ళో వేసేశారు. ఫోన్లన్నీ తళుక్కుమన్నాయి. నూనె మరక పసుపుపచ్చ గౌను మీద నెమ్మదిగా పాకింది. అయిపోయింది. కూతురికిచ్చిన రెండో మాట కూడా అయిపోయింది.

మరిసోల్ గారు మెళ్ళో దుంపల్ని చూసుకుంది, ఎదురుగా చేతులు జోడించి నిలబడ్డ ఓబులేసు గారిని చూసింది. ఇక్కడి మర్యాద ఇదే కాబోలనుకుని, దండ తీసి ఆయన మెళ్ళోనే తిరిగి వేసింది. ఆయన కళ్ళు చెమర్చాయి. "చూడండప్పా, సంస్కారం!" అని, ఆ దండతోనే మళ్ళీ మైకు అందుకున్నారు.

సరిగ్గా ఆ గొడవలో హాసిని మెట్లెక్కడం అచ్యుతరావు చూశాడు. ఆ పిల్ల అంతమంది ముందు నుంచి నడుచుకుంటూ సోఫా దగ్గరికి వెళ్ళి, రెనాటా చెవిలో ఏదో చెప్పింది. రెనాటా కళ్ళు పెద్దవయ్యాయి. అది తల్లి చెవిలో ఊదింది. తల్లి నోరు తెరిచి, ఓబులేసు గారిని, ఉదయ్‌కిరణ్‌ని, శాలువాల మూటలా ఉన్న అచ్యుతరావుని మార్చి మార్చి చూసి, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు మొదలుపెట్టింది.

రెనాటా తిన్నగా ఓబులేసు గారి ముందుకెళ్ళి, ఆయన పొట్ట మీద వేలాడుతున్న చివరి స్ప్రింగుని కరుక్కున కొరికింది. ఆ చప్పుడు మైకులో ఫెళ్ళుమంది. హాసిని రెండోది కొరికింది. వెనక వరసల్లో ఆకలితో మాడుతున్న పిల్లలు అది చూశారు. ఇక వాళ్ళని ఆపడం ఎవరి తరం? కుర్చీలు దాటి, పెద్దల కాళ్ళ సందుల్లోంచి దూరి, అంతా వేదికెక్కేశారు.

"పిల్లలు... భావి భారత... అబ్బా, చొక్కా కాదు నాయనా, దుంప కొరుకు... భావి పౌరులు..." ఓబులేసు గారు మైకు వదల్లేదు. కోటు గుండీలు ఊడుతున్నా ఉపన్యాసం ఆగలేదు. ఆయన్ని కాపాడబోయిన ఉదయ్‌కిరణ్ కంట్లో కారం పడింది. ఒంటికాలి మీద గెంతుతూ వేదికంతా తిరిగాడు. పిల్లల్ని లాగుదామని అచ్యుతరావు ముందుకు దూకాడు. కాలికి శాలువా అడ్డం పడింది. బొక్కబోర్లా పడ్డాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మరిసోల్ గారు సోఫా మీదికెక్కి నిలబడి ఈల వేసింది.

గంగాళం మూత తీశాక గానీ వేదిక ఖాళీ కాలేదు. పిల్లలంతా మెళ్ళో దండలేసుకుని గడ్డి మీద పరుగులు పెడుతున్నారు. అచ్యుతరావు శాలువాలు విడిపించుకుని, మోకాలు దులుపుకుని, మరిసోల్ గారి దగ్గరికి క్షమాపణకి వెళ్ళాడు. ఆవిడే అతని రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నవ్వీ నవ్వీ వచ్చినవో, నిజంగా వచ్చినవో అతనికి అర్థం కాలేదు.

"మా బళ్ళల్లో ఈ రోజు టీచర్లూ అమ్మానాన్నలూ జోకర్ల వేషాలేసి పిల్లల్ని నవ్విస్తారు. అది తలుచుకునే నా కూతురు వారం నుంచి ఏడుస్తోంది. దాని కోసం ఇంతమంది పెద్దవాళ్ళు కష్టపడి ఈ ఆట కట్టారని మీ అమ్మాయి చెప్పే దాకా నాకు తెలియలేదు! మొదట్లో నిజం సభేమో అనుకున్నాను, నిజంగా భయపడ్డాను," అంది ఇంగ్లీషులో. తర్వాత గొంతు తగ్గించి, కోటు గుండీలు ఊడిపోయిన ఓబులేసు గారిని చూపిస్తూ, "ఆయన ఈ వృత్తిలో ఎన్నేళ్ళుగా ఉన్నారు? ఒక్కసారి కూడా నవ్వకుండా ఎలా చేశారండీ అంతసేపు?" అని అడిగింది.

అచ్యుతరావు చుట్టూ చూసి కూతుర్ని వెతుక్కున్నాడు. హాసిని పిల్లల గుంపు మధ్యలో ఉంది. ఎవరు ముందు పరిగెత్తాలో, ఎవరు వెనకో, చేతులు తిప్పుతూ ఇంగ్లీషులో, తెలుగులో గొంతు చించుకుని పురమాయిస్తోంది.

"ఏం చెప్పావే నువ్వు?" అన్నాడు పక్కకి పిలిచి.

"మా వాళ్ళంతా నీ కోసమే జోకర్లయ్యారని చెప్పా. ఏం చెయ్యను నాన్నా? ఇంకేం చెప్పినా అది నమ్మేలా లేదు."

"మరి నేను?"

"నువ్వే మెయిన్ జోకరని చెప్పా," అంది హాసిని. "వాళ్ళ నాన్నకి కూడా అలా పడటం నేర్పుతావా అని అడుగుతోంది." అనేసి, జవాబు కోసం ఆగకుండా, అరుచుకుంటూ మళ్ళీ గుంపులోకి పరిగెత్తింది. బళ్ళో టీచరు ఇప్పుడొచ్చి చూస్తే ఎంత బాగుండునో అనిపించింది అచ్యుతరావుకి. పక్కకొచ్చి నిలబడ్డ బాలామణి కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది, చూడండి," అని మురిసిపోయింది.

మెళ్ళో ఉత్త దారం వేలాడుతుండగా ఓబులేసు గారు వచ్చారు. "ఆ యమ్మ ఏమంటాందప్పా? నా ప్రసంగం బాగుండాదంటనా?"

"చాలా బాగుందన్నారండి. పిల్లల్ని ఇంతగా నవ్వించినవాళ్ళని చూడలేదన్నారు. వచ్చే ఏడు కూడా మీరే రావాలట."

ఓబులేసు గారు గంభీరంగా తల పంకించి, ఈసారి హాస్యం పాలు కాస్త ఎక్కువైన మాట నిజమేనని, వచ్చే ఏడు దాన్ని తగ్గించి విషయం పెంచుతానని అక్కడికక్కడే మాటిచ్చారు.